అన్న కట్టని లోను, చెల్లెలి సీటు

ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారం మా స్టాఫ్ రూములో ఎక్కువగా వినపడేవి రెండే ప్రశ్నలు: ఏ కాలేజీ, ఎంత ఫీజు. మూడో ప్రశ్న మాత్రం అందరూ వెళ్లిపోయాక, తలుపు దగ్గర నిలబడి మెల్లిగా అడుగుతారు. "సార్, బ్యాంకులో లోను తీసుకుంటే నిజంగా కట్టాల్సిందేనా? మాఫీ అవుతుందంట కదా?"

అడిగేవాళ్లు మోసగాళ్లు కారు. పాలవాడి బాకీ కూడా నెల దాటనివ్వని మనుషులు. మరి చదువు లోను దగ్గరకొచ్చేసరికి ఈ అనుమానం ఎందుకొస్తుంది? ఒకే వీధిలో ఒక ఇంటివాళ్లు కమ్మలు అమ్మి కడుతుంటే పక్కింటివాళ్లు కాగితాన్ని బీరువాలో పెట్టి మరచిపోతారు, ఎందుకు? రెండేళ్ల కిందట మా బడిలో జరిగిన సంగతి చెబితే మీకు తెలుస్తుంది.

బాగలూరు దిక్కున రోజా తోట పెట్టుకున్న ఒక తండ్రి. ఆయన కొడుకు మన బడిలోనే చదివి, నాలుగు లక్షల లోనుతో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. ఏడాది పాటు పని దొరకలేదు. ఆ తర్వాత ఒక కాంట్రాక్టరు దగ్గర పద్నాలుగు వేల జీతానికి చేరాడు. లోను కంతు ఒక్కటీ కట్టలేదు. తండ్రే వద్దన్నాడు. "ఆగరా, ఎలక్షన్లు వస్తాయి, తీసేస్తారు" అని. మూడేళ్లు గడిచాక చెల్లెలికి కౌన్సెలింగులో మంచి కాలేజీలో సీటొచ్చింది. తండ్రీ కూతుళ్లు అదే బ్యాంకుకు పోయారు. మేనేజరు కంప్యూటరు తెర వీళ్ల వైపు తిప్పి, "మీ పేరు మీద ఓవర్‌డ్యూ ఉంది" అన్నాడు. "నాది కాదు సార్, అబ్బోడిది" అన్నాడు తండ్రి. మేనేజరు కాగితంలో సంతకం చూపించాడు. సంతకం ఆయనదే.

చాలా ఇళ్లలో తెలియని సంగతి ఇదే. చదువు లోను పిల్లవాడి ఒక్కడిది కాదు. తల్లో తండ్రో జాయింటుగా సంతకం పెడతారు. పిల్లవాడు కట్టకపోతే ఆ మచ్చ ఇద్దరి సిబిల్ రికార్డులోనూ పడుతుంది. గడువు దాటి 90 రోజులు కట్టకపోతే బ్యాంకు దాన్ని మొండి బాకీల్లో రాస్తుంది. అక్కడినుంచి ఆ తండ్రి ట్రాక్టరు లోనుకు పోయినా, చిన్నపిల్ల చదువు లోనుకు పోయినా ముందు కనపడేది ఆ గీతే.

ఆ పిల్లకు వేరే దారి లేదా అని మీరు అడగొచ్చు. మేమూ వెతికాం. తమిళనాడులో ఇంటికి మొదటి పట్టభద్రులకు ట్యూషన్ ఫీజు రాయితీ ఉంది, కానీ అన్న అప్పటికే డిగ్రీ పట్టేశాడు కాబట్టి చెల్లెలికి రాదు. ప్రభుత్వ బడుల పిల్లలకు 7.5 శాతం సీట్లు కేటాయించి ఫీజు మొత్తం సర్కారే కడుతోంది, కానీ అది మన బడి లాంటి ఎయిడెడ్ బడులకు వర్తించదు. ఇక మిగిలింది లోనే. తల్లిదండ్రుల సిబిల్ స్కోరు తక్కువని పిల్లవాడి దరఖాస్తు తోసేయడం తగదని కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చిన మాట నిజం. కోర్టుకు పోతే మనకూ న్యాయం దొరకొచ్చు. కాలేజీ ఫీజు గడువు మాత్రం అంతదాకా ఆగదు.

ఇంతకీ ఆ తండ్రి ఎందుకు ఆగమన్నాడు? ఆయన వెర్రిగా ఏమీ ఆలోచించలేదు. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం పదివేల దాకా రైతు అప్పులు తీసేసింది. 2008లో కేంద్రం మళ్లీ తీసేసింది. 2021లో తమిళనాడు సర్కారు సహకార సంఘాల పంట రుణాలు 12,110 కోట్లు రద్దు చేసింది, అదే ఏడాది ఐదు సవర్ల లోపు నగల అప్పుల మాఫీ కూడా ప్రకటించింది. సరిహద్దు అవతల కుప్పం, పలమనేరు చుట్టాలు 2014 రుణమాఫీ ముచ్చట్లు ఇప్పటికీ చెబుతారు. ప్రతిసారీ ముందే కట్టేసినవాడు బయట నిలబడి చూశాడు, కట్టనివాడు లోపలికి పోయి కాగితం తెచ్చుకున్నాడు. ముప్పయ్యేళ్లుగా ఇది చూసిన రైతుకు "కట్టినోడు వెర్రోడు" అనిపించడంలో వింతేముంది?

చదువు లోను విషయంలోనూ ఆశపడేందుకు ఒక పాత కారణం ఉంది. 2014 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్టులో అప్పటి ఆర్థిక మంత్రి పి. చిదంబరం, 2009 మార్చి 31 లోపు తీసుకున్న విద్యారుణాల మీద 2013 డిసెంబరు 31 వరకు పేరుకున్న వడ్డీ బాకీని ప్రభుత్వమే భరిస్తుందన్నారు. సుమారు 9 లక్షల మందికి, 2,600 కోట్ల మేర. నోటి మాటగా ఊళ్లు దాటేసరికి అది "చదువు లోను తీసేశారు" అయిపోయింది. తీసింది వడ్డీ, అదీ ఆ తేదీ వరకే. అసలు అలాగే ఉండింది, 2014 జనవరి నుంచి వడ్డీ కూడా అప్పుదారుడే కట్టాలని ఆ ప్రకటనలోనే ఉంది. ఆ తర్వాత తమిళనాడు ఎన్నికల్లో విద్యారుణాల మాఫీ మాట వినపడింది. దేశంలోని బ్యాంకుల విద్యారుణాలన్నీ ఒక్కసారిగా రద్దు చేసిన పథకం మాత్రం ఇంతవరకూ రాలేదు.

సహకార సంఘం రాష్ట్ర సర్కారు చేతి కింద ఉంటుంది. జాతీయ బ్యాంకు అలా కాదు. అక్కడి అప్పు తీయాలంటే సర్కారు తన ఖజానా నుంచి బ్యాంకుకు డబ్బు కట్టాలి. తెలంగాణలో 2024లో రెండు లక్షల దాకా పంట రుణాలు తీసినప్పుడు అలాగే కట్టారు. కాబట్టి విద్యారుణాల మాఫీ ఎప్పటికీ రాదని నేను చెప్పను. కానీ వస్తుందో రాదో తెలియని దానికోసం ఎదురుచూస్తున్నన్నాళ్లూ వడ్డీ ఆగదు, సిబిల్ గీత చెరగదు.

అమెరికాలో మాఫీ చేశారు కదా అనే తల్లిదండ్రులూ ఉన్నారు, వాట్సాప్ పుణ్యమా అని. అక్కడ ఆ పెద్ద పథకాన్ని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నిలిచి ఉన్నా అది వాళ్ల ప్రభుత్వం ఇచ్చిన అప్పులకే. ఇక్కడ ఇల్లు తాకట్టు పెట్టి టెక్సాస్ పంపిన పిల్లవాడి లోనుకు దానితో సంబంధం లేదు.

కట్టనివాళ్లందరూ మాఫీ కోసమే చూస్తున్నారనుకోవడమూ తప్పు. మన బడి పాత విద్యార్థి ఒకడు నాతో కోపంగా అన్నాడు: "ల్యాబు లేదు, లెక్చరర్ లేడు, ప్లేస్‌మెంట్ అంతకన్నా లేదు. పని రాని చదువుకు నేను యాల కట్టాల సార్?" ఈ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు. కాలేజీకి బ్యాంకు నేరుగా డబ్బు పంపించేసింది, ఏ ఏడాది ఫీజు ఆ ఏడాది. నష్టం మొత్తం పిల్లవాడి నెత్తిన పడింది. నాకు తోచింది ఒకటే: ఆ పోట్లాట కాలేజీతో. బ్యాంకు కంతు ఎగ్గొడితే కాలేజీకి ఒక్క పైసా నష్టం లేదు, నాయన పేరే పాడవుతుంది. అందుకే సీటు ఎంచుకునేటప్పుడు మేం అన్నేసి ప్రశ్నలు వేస్తాం. మీకు విసుగు పుట్టినా వేస్తాం.

"వేల కోట్లు తీసుకున్నవాళ్లు విమానమెక్కి పోయారు, మా నాలుగు లక్షలకే బ్యాంకు మునిగిపోతుందా?" అని ఇంకో వాదన. అన్యాయమే. కానీ వాళ్ల వెనక వకీళ్ల బారు ఉంది. మన పిల్లవాడి వెనక నాయన సంతకం ఒక్కటే ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు వైఖరి మన ముసలాళ్లది. అప్పుంటే అన్నం సహించదు వాళ్లకు. ఆ భయం మంచిదే, కానీ ఒక్కోసారి లెక్క తప్పిస్తుంది. ఒక ఇంట్లో పది శాతం బ్యాంకు లోను తొందరగా తీర్చాలని నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చారు. అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకువాడి ముందు తలెత్తుకున్నారు, వడ్డీవాడి ముందు దించుకున్నారు.

ఆడపిల్లల లోను సంగతి మరీ చిక్కు. పెళ్లయ్యాక ఆ కంతు ఎవరు కట్టాల? పుట్టింటివాళ్లు "సంపాదన అక్కడికి పోతుంది, వాళ్లు కట్టాల" అంటారు. అత్తింటివాళ్లు "సంతకం మీది" అంటారు. ఇద్దరూ ఆగిపోతే రికార్డు పాడయ్యేది ఆ పిల్లది, సంతకం పెట్టిన తండ్రిది. సంబంధం మాట్లాడేటప్పుడు బంగారం ఎంత అని అడగడానికి మొహమాటపడనివాళ్లు ఈ సంగతి మాట్లాడటానికి ఎందుకు మొహమాటపడతారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు కాస్త లెక్క. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లలో నాలుగు లక్షలు, పది శాతం వడ్డీ అనుకోండి. చదువు కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది కట్టనక్కర్లేదు. కానీ ఆ ఐదేళ్లూ సాధారణ వడ్డీ నడుస్తుంది: మొదటి లక్ష మీద 50 వేలు, రెండో దాని మీద 40, ఆ తర్వాత 30, 20. మొత్తం 1,40,000. అంటే కంతులు మొదలయ్యే రోజుకు అప్పు 5,40,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 కట్టాలి. పదిహేనేళ్లకు పెట్టుకుంటే నెలకు 5,800 చాలు, కానీ మొత్తం పది లక్షల నలభై వేలు దాటుతుంది. ఏమీ కట్టకుండా మూడేళ్లు వదిలేస్తే ఆ 5,40,000 ఏడు లక్షలు దాటిపోతుంది.

అదే చదువుకునే కాలంలోనే వడ్డీ మాత్రం కట్టుకుంటూ వస్తే? మొదటి ఏడాది నెలకు 833 రూపాయలు. చివరికి 3,333 దాకా పెరుగుతుంది. అలా చేస్తే అప్పు నాలుగు లక్షల దగ్గరే నిలుస్తుంది, పదేళ్ల కంతు 5,290కి దిగుతుంది. చాలా బ్యాంకులు అలా కట్టేవాళ్లకు వడ్డీలో ఒక శాతం తగ్గిస్తాయి కూడా. అడిగి రాయించుకోండి.

ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, సాంకేతిక, వృత్తి కోర్సులకు ఆ మొదటి కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. కాలేజీకి, కోర్సుకు తగిన గుర్తింపు ఉండాలి. ఆదాయ పత్రం సమయానికి బ్యాంకులో ఇవ్వాలి. ఇవ్వక పోగొట్టుకున్నవాళ్లను చూశాను. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవాళ్లకు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపైతే, పది లక్షల దాకా లోను మీద ఆ కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. రోజూ ఎదురుచూసే మాఫీ కన్నా చేతికందే సాయం ఇది. దీనికి మాత్రం జనం పరిగెత్తరు.

బ్యాంకు పరీక్షలకు చదువుతున్న పిల్లలు ఇంకొకటి గమనించాలి. ఉద్యోగంలో చేరేనాటికి అప్పుల రికార్డు బాగుండాలని ఆ నోటిఫికేషన్లలో షరతు ఉంటోంది. రికార్డు బాగాలేదని స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే, 2025లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. అవి చదువు లోన్లు కావు, సొంత అప్పులు, క్రెడిట్ కార్డులు. కానీ చూసే రికార్డు ఒక్కటే.

నిజంగా కట్టలేనప్పుడు దాక్కోవడం మానండి. బ్యాంకుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి: ఉద్యోగం లేదు, లేదా జీతం ఇంత, కంతు తగ్గించి గడువు పెంచండి అని. 90 రోజులు దాటకముందు పోతే మాట వింటారు, దాటాక కష్టం. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. బెదిరిస్తే ముందు బ్యాంకుకు ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, సమాచారానికి 14448. లోక్ అదాలత్‌లో తగ్గించుకుని తీర్చే వీలు కొన్నిసార్లు ఉంటుంది. అయితే అలా తీర్చినది రికార్డులో 'పూర్తిగా కట్టారు' అని పడదు, 'సెటిల్డ్' అని పడుతుంది. ఇంట్లో ఇంకో బిడ్డ చదువు ముందుంటే ఆ తేడా చూసుకోండి.

రోజా తోట ఇంటి సంగతి చెప్పి ఆపుతాను. మొండి బాకీగా రాసిన ఖాతా మళ్లీ మామూలు ఖాతా కావాలంటే నిలిచిపోయిన కంతులన్నీ వడ్డీతో కట్టాలి. లోను మొత్తం కాదు, ఆగిన భాగం. అది తెలిశాక అన్న కదిలాడు. తన బండి అమ్మాడు, కాంట్రాక్టరు దగ్గర కొంత ముందే తీసుకున్నాడు. మిగతాది తండ్రి ఒక పంట రోజాల డబ్బుతో సర్దాడు. కానీ దానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా మొదటి ఏడాది ఫీజుకు తల్లి మెడలో గొలుసు తాకట్టుకు పోయింది. రెండో ఏడాది నుంచి బ్యాంకు లోను ఇచ్చింది. ఈసారి వడ్డీ నెల నెలా అన్నే కడుతున్నాడు.

ఈ ఏడు లోనుకు దరఖాస్తు పెట్టబోయే తల్లిదండ్రులు, ఇంట్లో పాత విద్యారుణం కాగితం ఏదైనా ఉంటే కౌన్సెలింగుకు ముందే దాన్ని తీసుకుని బడి ఆఫీసుకు రండి. సాయంత్రం నాలుగున్నర తర్వాత మేం ఉంటాం. అందులో ఎవరి సంతకం ఉందో, ఎంత ఆగిందో ముందు చూద్దాం.