రోబో సీక్వెల్ ‘2.0’: పక్షిరాజు కోపం కరెక్టేనా..? కొల్లేరు గట్టు మీద నుంచి చూస్తే కనిపించే ప్లస్‌లు, మైనస్‌లు ఇవే..

చేతిలో ఉన్న సెల్‌ఫోన్ ఎవరో లాక్కున్నట్టు ఒక్కసారిగా గాల్లోకి ఎగిరిపోతే..? ఆ సీన్‌తోనే ‘2.0’ ప్రేక్షకుణ్ని పట్టేస్తుంది. 2010లో వచ్చిన ‘రోబో’కి సీక్వెల్‌గా 2018 నవంబర్ 29న ఈ సినిమా విడుదలైంది. డైరెక్టర్ శంకర్, హీరో రజనీకాంత్, విలన్ అక్షయ్ కుమార్.

కథ సింపుల్. సెల్ టవర్ల వల్ల పక్షులు చనిపోతున్నాయని పోరాడి ఓడిన ఓ పెద్దాయన, చనిపోయాక పగతో తిరిగొస్తాడు. అతణ్ని ఆపడానికి చిట్టి రోబో మళ్లీ దిగుతుంది. పక్షుల కోసం జరిగే యుద్ధం కాబట్టి, పక్షులకు పేరున్న మన కొల్లేరు వైపు నుంచి చూస్తే ఈ సినిమా బలం, బలహీనత రెండూ తేలిగ్గా తెలుస్తాయి.

ప్లస్ పాయింట్స్ ఏంటంటే..

అన్నిటికన్నా పెద్ద బలం విలనే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ స్ఫూర్తితో తీర్చిదిద్దారని చెప్పే పక్షిరాజు పాత్రకు డబ్బు ఆశ లేదు, పదవీ కాంక్ష లేదు. అందరికీ మొరపెట్టుకున్నాడు, ఎవరూ వినలేదు. ఫ్లాష్‌బ్యాక్ అయ్యేసరికి సగం మంది విలన్ పార్టీలోకి మారిపోతారు.

రెండోది విజువల్స్. తర్వాత మార్చినది కాదు, నేరుగా 3డీ కెమెరాలతోనే తీశారు. వేల ఫోన్లు కలిసి రాకాసి పక్షిలా మారే సీన్లు పెద్ద తెర మీద అదరగొట్టాయి. నిడివి కూడా ‘రోబో’ కన్నా తక్కువే.

మరి మైనస్‌లు..?

ఇప్పుడు ఫోన్‌లో చూస్తే 3డీ మాయం. మిగిలేది కథే. లోపాలు కూడా అక్కడే బయటపడతాయి.

‘రోబో’లో చిట్టికి మనసు పుట్టింది. సనను ప్రేమించింది, ఈర్ష్య పడింది, చివరికి తనే విలన్ అయింది. ‘2.0’లో చిట్టికి అలాంటి సంఘర్షణే లేదు, కొట్టడం తప్ప. సైన్స్ సినిమాగా మొదలై, చనిపోయినవాడి శక్తి తిరిగి రావడం అంటూ దెయ్యం కథలోకి జారిపోతుంది. క్లైమాక్స్ అయితే మరీ ఇబ్బంది. బుల్లి రోబోలు పావురాల మీద వచ్చి, వాటినే చంపేస్తామని బెదిరించి పక్షిరాజును లొంగదీస్తాయి. పక్షుల్ని కాపాడాలని చెప్పే సినిమాలో గెలుపు ఇలానా..?

అసలు నేరం సెల్ టవర్లదేనా..?

విడుదలకు ముందే టెలికాం కంపెనీల సంఘం సెన్సార్ బోర్డుకు ఫిర్యాదు చేసింది. రేడియేషన్‌పై తప్పుడు ప్రచారం చేస్తున్నారన్నది వాళ్ల అభ్యంతరం. అయితే ప్రభుత్వం కూడా జాగ్రత్త పడింది. టవర్ల రేడియేషన్ పరిమితిని 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతకుముందున్న దానిలో పదో వంతుకు తగ్గించింది.

సైన్స్ ఏమంటోందంటే.. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో జరిగిన పరిశోధన 2014లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. నగరంలోని ఎలక్ట్రానిక్ తరంగాల రొదలో రాబిన్ పిట్టలు దిక్కు గుర్తించలేకపోయాయి. కానీ అవి ఏఎం రేడియో స్థాయి తరంగాలు.. సెల్‌ఫోన్ వాడేవి కావు. మన దేశ పక్షులపై 2020లో వచ్చిన నివేదిక ప్రకారం పిచ్చుకలు పెద్ద నగరాల్లో తగ్గినా, దేశం మొత్తమ్మీద దాదాపు నిలకడగానే ఉన్నాయి. టవర్లే పక్షుల్ని చంపుతున్నాయని తేల్చే రుజువు ఇంతవరకూ లేదు.

కొల్లేరులో ఏం జరిగింది..?

ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సీజన్‌లో బారులు తీరతాయి. చెట్లు సరిపోక, గూళ్లు కట్టుకోవడానికి అటవీ శాఖ ఇనుప స్టాండ్లు పెట్టాల్సి వచ్చింది. అంటే ఇక్కడ సమస్య సిగ్నల్ కాదు.. చోటు.

1999లో ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అయినా సరస్సులో చేపల చెరువులు పెరిగాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు పేల్చేశారు. తర్వాత మళ్లీ ఆక్రమణలు తలెత్తాయి. మరోవైపు పరిధిని మూడో కాంటూరుకు తగ్గించాలనే డిమాండ్ ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. ఆ చెరువుల మీదే బతికే కుటుంబాలున్నాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లలో ఉడికే చేపల కూరకూ ఈ కథతో సంబంధం ఉంది.

సూపర్‌హీరో సినిమాకి ఒక్క దోషి కావాలి. అతణ్ని స్టేడియంలో పడగొడితే శుభం కార్డు పడిపోతుంది. కొల్లేరులో అలా పడగొట్టడానికి ఒక్కడు లేడు. గట్టు వేసినవాడు, వేయనిచ్చినవాడు, చేప కొన్నవాడు.. అందరికీ వాటా ఉంది.

ఫైనల్‌గా..

కనుల పండుగగా ‘2.0’ పాస్. సీక్వెల్‌గా ‘రోబో’ కన్నా ఓ మెట్టు కిందే. పక్షిరాజు అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ పాతబడలేదు.. ఈ భూమి మనుషులకేనా? ఆయన వేలు చూపింది టవర్ వైపు. మనం ఆటపాక గట్టు మీద నిలబడితే ఆ వేలు చెరువుల వైపు, చివరికి మన వైపే తిరుగుతుంది.