గంటన్నర ఎక్కడికి పోయింది?

మట్టి ఇటుకల కోటకు పేరుపడ్డ బహ్లా ఒమన్‌లో ఉంది. అక్కడ పనిచేసే నాన్న సెలవుకు రావాలంటే ముందు మస్కట్ విమానాశ్రయం దాకా రోడ్డు మీద సుమారు 200 కిలోమీటర్లు వెళ్లాలి. అక్కణ్ణుంచి శంషాబాద్ దాదాపు 2,200 కిలోమీటర్లు. విమానంలో ఇంచుమించు మూడు గంటలు.

పొద్దున పదింటికి ఎక్కితే ఒంటిగంటకు దిగాలి కదా? శంషాబాద్ గడియారం మాత్రం రెండున్నర చూపిస్తుంది!

భూమి 360 డిగ్రీలు తిరగడానికి 24 గంటలు పడుతుంది. అంటే డిగ్రీకి 4 నిమిషాలు. మన గడియారాలు కాకినాడకు దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తాయి, ఒమన్ గడియారాలు 60 డిగ్రీలను. తేడా 22.5. నాలుగుతో గుణించండి: 90 నిమిషాలు. నాన్న ఆ గంటన్నర పోగొట్టుకోలేదు. తూర్పున ఉన్న మనకు సూర్యుడు ముందే వచ్చాడు, అంతే.

ఇంకో సంగతి ఉంది, నాకు ఎంతో ఇష్టమైనది. చలికాలంలో బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. ఏటివాలున పోయే పడవలా, ఇంటికొచ్చే విమానాన్ని అవి ముందుకు తోస్తాయి. తిరిగి వెళ్లేటప్పుడు అవే ఎదురుగాలులు; అదే దూరానికి మరికొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది.