తెరమీది కీబోర్డు: రెండు లిపులకు ఒక పలక

వ్రాయదలచినవానికి కలమెంత అవసరమో, కంప్యూటరు ముందు కూర్చున్నవానికి కీబోర్డు అంత అవసరము. అయితే మన కళాశాలలలోను, కార్యాలయములలోను కనిపించు కీబోర్డులపై ముద్రించియుండునవి సాధారణముగా ఆంగ్లాక్షరములే. తెలుగున గాని, ఉర్దూలో గాని నాలుగు మాటలు వ్రాయగోరువాడు ఏ మీట వెనుక ఏ అక్షరము దాగియున్నదో కంఠస్థము చేయవలసి వచ్చుచున్నది. వ్రేళ్ళు స్వాధీనములో లేనివారికి ఆ అవకాశము కూడ లేదు. ఈ రెండు కొరతలను తీర్చగల సాధనము తెరమీది కీబోర్డు. తెరపై మీటల బొమ్మలు కనిపించును; మౌసుతోనో, వ్రేలితోనో తాకినచో అక్షరము పడును. దీనిని పైథాన్ భాషలో విద్యార్థులే నిర్మించుకొనవచ్చును. ఆ విధమును ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

ముందుగా మీట అనగా ఏమో తెలిసికొందము. టైప్‌రైటరులో ప్రతి మీటకు ఒక లోహపు అచ్చు తగిలించియుండెడిది. మీట నొక్కినచో ఆ అచ్చే కాగితముపై పడెడిది. కంప్యూటరులో అట్టి బంధము లేదు. అక్షరము అచట ఒక సంఖ్య మాత్రమే. ప్రపంచ లిపులకు ఈ సంఖ్యలను కేటాయించిన ప్రమాణము యూనికోడ్. దాని మొదటి సంచిక 1991లో వెలువడినది. అందు తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు కలవు. ‘క’ సంఖ్య 3093. ‘క్ష’ కు ప్రత్యేక సంఖ్య లేదు. ‘క’ 3093, పొల్లు 3149, ‘ష’ 3127 వరుసగా వచ్చినచో తెరపై ‘క్ష’ రూపము ఏర్పడును. అనగా మనము పలుకు క్రమములోనే సంఖ్యలు నిలువయుండును. వాటిని సంయుక్తాక్షరముగా కూర్చు పని ఫాంటుది, అక్షరములను చూపు సాఫ్ట్‌వేరుది.

ఉర్దూ విషయమును ఇట్లే ఉన్నది. ‘బే’ అను అక్షరము మాట మొదట ఒక రూపమున, నడుమ ఒక రూపమున, చివర ఒక రూపమున, విడిగా మరొక రూపమున కనిపించును. అయినను నాలుగింటికిని సంఖ్య ఒక్కటే. కుడి నుండి ఎడమకు పరచుట కూడ ప్రదర్శనలో జరుగు పనియే. నిలువయుండు క్రమము పలుకు క్రమమే. కావున కీబోర్డు నిర్మించువాడు రూపములను గూర్చి గాని, దిశను గూర్చి గాని చింతింపనక్కరలేదు. సరియైన సంఖ్యను సరియైన వరుసలో పంపిన చాలును.

ఇక నిర్మాణము. పైథానుతో పాటు సామాన్యముగా లభించు టికింటర్ అను గ్రంథాలయము ఇందుకు చాలును. మొదట ఒక విండోను తెరువవలెను. అందు పైభాగమున వ్రాతపెట్టెను, క్రింద ఒక ఫ్రేమును అమర్చవలెను. పిమ్మట అక్షరములను వరుసలు వరుసలుగా ఒక పట్టికలో వ్రాసికొనవలెను. ఆ పట్టికపై లూపు నడిపి, ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క బటన్ తయారుచేసి, గ్రిడ్ పద్ధతిలో వరుస సంఖ్యను, గడి సంఖ్యను ఇచ్చి నిలుపవలెను. బటన్ నొక్కగానే వ్రాతపెట్టెలో కర్సరు ఉన్నచోట ఆ అక్షరమును చొప్పించు ఫంక్షనును దానికి అప్పగించవలెను. ఖాళీకి, కొత్త పంక్తికి, చెరుపుటకు వేరు మీటలుండవలెను. వ్రాసినదంతయు క్లిప్‌బోర్డుకు చేర్చు మీట ఒకటి పెట్టినచో, ఆ వ్రాతను ఏ ఇతర పత్రములోనికైనను తీసికొనిపోవచ్చును.

ఇచట క్రొత్తవారిని తికమకపెట్టు చిక్కు ఒకటి కలదు. లూపులో ప్రతి బటనుకు లాంబ్డా అను చిన్న ఫంక్షనును తగిలింతురు. కార్యక్రమము నడచును, మీటలన్నియు చక్కగా కనిపించును; కాని ఏ మీట నొక్కినను పట్టికలోని చివరి అక్షరమే పడును! కారణమేమన, లాంబ్డా అక్షరమును దాచుకొనలేదు. అక్షరమునకు పెట్టిన పేరును మాత్రము గుర్తుంచుకొన్నది. మీట నొక్కునప్పటికి లూపు ముగిసి, ఆ పేరు చివరి అక్షరమునకు చెందియుండును. బటను తయారగు క్షణముననే ఆ అక్షరమును లాంబ్డాకు డిఫాల్టు విలువగా ఇచ్చివేయుటయే దీనికి విరుగుడు.

మీటలను ఏ క్రమమున అమర్చవలెను? ఇన్‌స్క్రిప్టు అను అమరిక 1986లో రూపొంది, 1991లో భారతీయ ప్రమాణముగా స్వీకరింపబడినది. అందు అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చును. పది వ్రేళ్ళతో వేగముగా వ్రాయువానికి అది మేలు. తెరమీద ఒక్క వ్రేలితో వెదకికొనువానికి బడిలో నేర్చిన వర్ణమాల క్రమమే సులభమని మా అభిప్రాయము. పట్టిక మార్చినచో అమరిక మారును. కార్యక్రమములో తక్కినదేదియు మారదు. తెలుగు పట్టిక ఒకటి, ఉర్దూ పట్టిక ఒకటి వ్రాసి, ఒక మీటతో దానినుండి దీనికి మారుట కూడ సాధ్యమే.

అయితే పట్టిక వ్రాయువాని బాధ్యత చిన్నది కాదు. ఉర్దూ ‘కాఫ్’ సంఖ్య 1705, అరబ్బీ ‘కాఫ్’ సంఖ్య 1603. ఉర్దూ ‘యే’ 1740, అరబ్బీ ‘యే’ 1610. ‘కరీం’ అను పేరును ఏ జత అక్షరములతో వ్రాసినను కంటికి ఒకే విధముగా కనిపించును. యంత్రమునకు మాత్రము అవి రెండు వేరు పేర్లు. ఒక చోట ఒక విధముగాను, మరొక చోట మరొక విధముగాను నమోదైనచో, వెదకినపుడు ఆ విద్యార్థి పేరే లేదని యంత్రము చెప్పవచ్చును. తెలుగున సున్న సంఖ్య 3074, తెలుగు అంకె సున్న 3174. చూపునకు రెండును ఇంచుమించు ఒకటే. ఈ భేదములు ఆ లిపులను చదువగలవారికే తట్టును. కావుననే ఈ పనిని ఆ భాషలవారు చేపట్టుట మంచిది.

తెరమీది కీబోర్డు మరొక గొప్ప మేలు చేయగలదు. భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1985లో శస్త్రచికిత్స కారణముగా మాట కోల్పోయిరి. మొదట చేతిలోని ఒక్క మీటతోను, పిదప చెక్కిలి కదలికతోను తెరపై మాటలను ఎన్నుకొని ఆయన వ్రాసిరి. ఈ పద్ధతిలో వెలుగు మీటపై నుండి మీటపైకి జరుగుచుండును; కావలసినచోట సంజ్ఞ చేసిన చాలును. 48 మీటలున్నవనుకొందము. ఒక్కొక్కదానిపై వెలుగు ఒక సెకండు నిలిచినచో చివరి మీటకు 48 సెకండ్లు పట్టును. వాటినే 6 వరుసలుగా, వరుసకు 8 చొప్పున పేర్చి, ముందు వరుసను, ఆపై మీటను ఎన్నుకొనినచో అధికపక్షము 14 సెకండ్లు చాలును. తరచు వచ్చు అక్షరములను ముందుంచినచో కాలము ఇంకను తగ్గును. టికింటరులో వెలుగును జరుపుటకు ‘ఆఫ్టర్’ అను ఏర్పాటును వాడవలెను. స్లీప్ ఆజ్ఞతో కాలము గడిపినచో విండో యంతయు స్తంభించి, రోగి చేయు సంజ్ఞను అందుకొనలేదు.

ఒక హెచ్చరిక. టికింటరునకు ఆధారమైన టికె 8.6 సంచిక, లినక్సు యంత్రములపై తెలుగు ఒత్తులను, ఉర్దూ అక్షరముల కలయికను సరిగా కూర్చలేదు. అట్టిచోట క్యూటి ఆధారముగా పైథానులో పనిచేయు గ్రంథాలయములను వాడుట మేలు. పట్టికయు, పైన చెప్పిన సూత్రములును అవియే.

ఇట్టి వార్షిక సంచికలో తెలుగు పుటలు ఎడమనుండి, ఉర్దూ పుటలు కుడినుండి సాగుట మన పాఠకులకు వింత కాదు. ఆ రెండు లిపులను ఒకే పలకపై నిలుపుటకు వలసిన పనిముట్లు ఉచితముగానే లభించుచున్నవి. తెలుగు విద్యార్థి ఒకడు, ఉర్దూ విద్యార్థి ఒకడు కలిసి కూర్చుండి, ఎవరి పట్టికను వారు వ్రాసి, ఒకరి పట్టికను మరొకరు మీట మీట నొక్కి పరీక్షించినచో, కొద్దిరోజులలో ఈ సాధనము సిద్ధము కాగలదు. చేయి కదపలేని ఒక్కరైనను దానితో తన పేరును తన లిపిలో తానే వ్రాసికొనగలిగినచో, ఆ శ్రమ సార్థకమైనట్లే.