తుపాకులతో శాసనసభలోకి!

తుపాకుల చట్టం వద్దని చెప్పడానికి తుపాకులు పట్టుకునే శాసనసభకు వెళ్ళిన వారున్నారంటే నమ్మగలరా? 1967 మే 2వ తేదీన అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో ఈ వింత జరిగింది.

ఆ రోజుల్లో అక్కడ గుండ్లు నింపిన తుపాకిని నలుగురికీ కనబడేలా పట్టుకుని వీధిలో తిరగడం నేరం కాదు. 1966లో ఓక్లండు నగరంలో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ అనే నల్లజాతి యువకులు ‘బ్లాక్ పాంథర్’ పార్టీని స్థాపించారు. పోలీసులు తమవారిపై దౌర్జన్యం చేస్తున్నారని వారి ఆరోపణ. అందుచేత పోలీసు కార్ల వెంట వెళ్ళేవారు. పోలీసులు నల్లవారినెవరినైనా ఆపితే, తుపాకులతో కాస్త ఎడంగా నిలబడి గమనించేవారు.

దీన్ని అరికట్టడానికి డాన్ మల్ఫర్డ్ అనే సభ్యుడు బిల్లు తెచ్చాడు. నల్లవారిని నిరాయుధులను చేయడానికే ఈ ఎత్తు అని పాంథర్లు మండిపడ్డారు. స్త్రీలతో సహా సుమారు 30 మంది బయలుదేరి వెళ్ళారు. కొందరు తుపాకులతో సరాసరి సభలోకే ప్రవేశించారు. ఒక్క గుండూ పేలలేదు. కాని దేశమంతా గగ్గోలు పుట్టింది.

తీరా బిల్లు ఆగకపోగా మరింత కఠినమైంది. జూలై 28న గవర్నరు రోనాల్డ్ రీగన్ సంతకం చేశాడు. చట్టం వీధిలోని తుపాకినైతే దింపించింది. దాన్ని ఎందుకు పట్టవలసి వచ్చిందో మాత్రం అడగలేదు.