ఎండుద్రాక్ష డబ్బా మీద ఎముకల గూడు

బొమ్మలూ చిత్రకళా తిండికి లోటు లేనివాళ్ల వ్యవహారమని చాలా ఏళ్లు అనుకున్నాను. చిన్నప్పుడే బడి మానేసి కూలికి పోయినవాణ్ణి. సంఘంలోకి వచ్చాకే కరపత్రాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చాను. ఈమధ్య ఒక టీచరు మిత్రుడు ఇచ్చిన పుస్తకం నా అభిప్రాయం తప్పని తేల్చింది. అది అమెరికాలోని చికానా స్త్రీల బొమ్మల గురించి.

చికానాలంటే ఎవరు? కాలిఫోర్నియా ఒకప్పుడు మెక్సికోలో భాగం. 1848లో యుద్ధంలో ఓడించి అమెరికా దాన్ని కలుపుకుంది. అక్కడే ఉండిపోయినవారు, తర్వాత పొట్ట చేతబట్టుకుని వచ్చినవారు, వారి సంతతి 1960లలో హక్కుల కోసం లేచారు. తమను చికానోలమని గర్వంగా చెప్పుకున్నారు. వారిలో ఆడవాళ్లే చికానాలు.

1965లో డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిప్పీన్ కూలీలు సమ్మె మొదలుపెట్టారు. కొద్దిరోజులకే మెక్సికన్ కూలీలూ కలిశారు. ద్రాక్ష కొనవద్దని ఊరూరా ప్రచారం సాగింది. 1970లో తోటల యజమానులు దిగొచ్చి ఒప్పందాలు చేసుకున్నారు. ఆ పోరాటాన్ని నడిపినవారిలో డొలోరెస్ హ్యూర్టా అనే స్త్రీ ఉంది.

ఆ ద్రాక్షసీమలోనే డైన్యూబా అనే ఊళ్లో, 1944లో, కూలీల ఇంట పుట్టింది ఎస్తర్ హెర్నాండెజ్. అక్కడి ఒక కంపెనీ ఎండుద్రాక్ష డబ్బా మీద ఎర్రటోపీ పెట్టుకుని, ద్రాక్షపళ్లు పట్టుకుని నవ్వే పిల్ల బొమ్మ ఉంటుంది. తన ఊరి నీళ్లలో పురుగుమందులు కలిశాయని హెర్నాండెజ్‌కు తెలిసింది. 1982లో ఆ డబ్బా బొమ్మనే తిరగేసి గీసింది. అదే టోపీ, అవే ద్రాక్షలు. పిల్ల ఉండాల్సిన చోట ఎముకల గూడు! పంటకు ఏయే రకం మందులు కొట్టారో కిందనే రాసింది. పేరు 'సన్ మ్యాడ్'. మన పోస్టర్ల మాదిరే స్క్రీన్ ప్రింటింగులో వేసింది.

ఆ బొమ్మ చూడగానే, మందు కొట్టిన మర్నాడే మిరపకోతకు దిగే మన అక్కచెల్లెళ్లు కళ్లముందు మెదిలారు.

ఇంకో చిత్రకారిణి యోలాండా లోపెజ్. మెక్సికన్లు కొలిచే గ్వాడలూపే మాత పటం 1966లో కూలీల పాదయాత్రకు ముందు నడిచింది. 1978లో లోపెజ్ ఆ మాత వెలుగు వలయంలో కుట్టుమిషను మీద పనిచేస్తున్న తన తల్లిని కూర్చోబెట్టింది. చుక్కల చీరలాంటి ఆ మాత వస్త్రాన్ని తల్లే కుడుతూ ఉంటుంది. ఇంకో బొమ్మలో తన అమ్మమ్మ, మరోదాంట్లో పరిగెత్తే తానూ ఉన్నారు. దణ్ణం పెట్టాల్సింది కష్టపడే ఆడదానికని నాకు అర్థమయింది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఒకసారి మా మహాసభ పోస్టరు చూసి ఒక కూలీ చెల్లెలు, "ఇందులో మేమేరీ అన్నా?" అనడిగింది. పోస్టరులో ఉన్నది పిడికిలెత్తిన మగవాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నాట్లేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎవరు? మన గోడల మీద వాళ్లెక్కడ? అది నవ్వాల్సిన మాట కాదు, జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

కామ్రేడ్స్, ఈసారి పోస్టరు ఎలా ఉండాలో వాళ్లనే అడుగుదాం. రంగూ కుంచే వాళ్ల చేతికే ఇద్దాం. రోజూ వాకిట్లో ముగ్గేసే చేతికి గీత రాదనుకోవడం మన అజ్ఞానం.