కారులో పాట స్పష్టంగా వినిపించాలంటే.. తలుపుతోనే మొదలుపెట్టాలి

నాతవరం: కారు కొన్న నెల తిరగకముందే దానితో వచ్చిన స్టీరియోను మార్చాలనే ఆలోచన చాలామందికి కలుగుతుంది. ఇక్కడివారైతే నర్సీపట్నమో, తునియో, కాస్త ఖర్చయినా ఫర్వాలేదనుకుంటే విశాఖపట్నమో వెళ్లి కొత్త స్టీరియో, డిక్కీలో పెద్ద ఊఫర్ బిగించుకొని వస్తారు. వేల రూపాయలు వెచ్చించాక కూడా గాయకుని మాట స్పష్టంగా వినిపించదు. తలుపులు గడగడలాడటమే మిగులుతుంది. ఇందుకు కారణం కొన్న వస్తువుల్లో కంటే వాటిని అమర్చిన వరుసలోనే ఎక్కువగా ఉంటుంది.

లోపం ఎక్కడ?

ధర, బరువు తగ్గించేందుకు కంపెనీలు చవక మోడళ్లలో చిన్న అయస్కాంతం, పలుచని కాగితపు కోన్ కలిగిన స్పీకర్లు అమరుస్తాయి. స్టీరియో పెట్టెపై ‘50 వాట్లు × 4’ అని రాసి ఉన్నా అది నిలకడగా ఇచ్చేది ఒక్కో స్పీకరుకు 20 వాట్లకు అటూ ఇటూ మాత్రమే. పెద్ద అంకె క్షణకాలపు గరిష్ఠం. కొనేవారు చూడవలసింది ‘ఆర్‌ఎంఎస్’ అని రాసిన అంకెను. ఆ మాటే లేని పెట్టెను పక్కన పెట్టడం మేలు.

వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది కొద్దిపాటి తేడా. స్పీకరు పెట్టెపై ‘సెన్సిటివిటీ’ అనే అంకె ఉంటుంది. అది 88 ఉన్న స్పీకరు తీసి 91 ఉన్నది పెడితే, పాత స్టీరియోతోనే వాట్లను రెట్టింపు చేసినంత ఫలితం దక్కుతుంది. అందువల్ల మొదట మార్చవలసినవి ముందు తలుపుల స్పీకర్లు. వెనుకవాటి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అయితే మంచి స్పీకరును కూడా తలుపే పాడుచేస్తుంది. కోన్ ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి నొక్కుకుంటుంది, వెనుకవైపు పలుచబడుతుంది. తలుపు లోపలి రేకుకున్న రంధ్రాల గుండా వెనుక ధ్వని ముందుకు వచ్చి, ముందు ధ్వనిని రద్దు చేస్తుంది. డప్పు, మృదంగం వంటి వాద్యాల లోతైన నాదం ఇలాగే మాయమవుతుంది. బ్యూటైల్ రబ్బరుపై అల్యూమినియం పొర ఉన్న డ్యాంపింగ్ షీట్లను బయటి రేకు లోపలివైపు, ఆ రంధ్రాలపైన అంటిస్తే నాదం తిరిగి వస్తుంది, రేకు వణుకూ తగ్గుతుంది. వానల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలను మూయరాదు. మూస్తే రేకు తుప్పు పడుతుంది. లోపలి పాలిథిన్ పొరను తిరిగి సరిగా అంటించకపోతే నీరు నేరుగా కాళ్ల కిందికి చేరుతుంది.

వైరు కోయనివ్వొద్దు

కంపెనీ వైర్లను కోసి అతికించడం కొందరికి తేలిక పని. కారు మోడలుకు సరిపడే కప్లర్లు విడిగా దొరుకుతుండగా ఆ అవసరమే లేదు. వైర్లు కోసిన కారుకు ఆ భాగంపై వారంటీ నిరాకరించే అవకాశం ఉంది. నేటి కార్లలో రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీటలు టచ్‌స్క్రీన్‌తో ముడిపడి ఉన్నందున దానిని ఉంచి, స్పీకరు వైర్ల నుంచే సంకేతం తీసుకునే యాంప్లిఫయర్ అమర్చుకోవడం ఉత్తమం.

యాంప్లిఫయర్ పెడితే అసలు ప్రమాదం బ్యాటరీ వైరు దగ్గర మొదలవుతుంది. 300 వాట్ల ఆర్‌ఎంఎస్ యాంప్లిఫయర్ పూర్తి శబ్దంలో 30 ఆంపియర్లు, పాత రకమైతే 40కి పైగా లాగుతుంది. ఆ వైరు ఎక్కడైనా రేకుకు ఒరుసుకొని తొడుగు చిరిగితే, ఫ్యూజు లేనప్పుడు బ్యాటరీ శక్తి అంతా అక్కడే మంటగా మారుతుంది. ఫ్యూజును బ్యాటరీకి 45 సెంటీమీటర్లలోపే బిగించాలి. డిక్కీలో యాంప్లిఫయర్ పక్కన పెట్టిన ఫ్యూజు మధ్యలోని వైరును కాపాడలేదు. చవక వైర్లలో అల్యూమినియంపై రాగి పూత మాత్రమే ఉంటుంది. లావు ఒకటే అయినా అవి మోసే విద్యుత్తు తక్కువ. కొద్దిగా గీకి చూస్తే తెల్లదనం బయటపడుతుంది.

డిక్కీ తెరిచి ఊరంతటికీ వినిపించాలనుకునేవారికి ఈ సూచనలు అక్కరకు రావు. వారు శబ్ద కాలుష్య నియమాలు - 2000 తెలుసుకోవాలి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. వినేవారి చెవికీ హద్దు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలకు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు, 83 వద్ద 20 గంటలే. చింతపల్లి, లంబసింగి వైపు ఘాట్ మలుపుల్లో ఎదుటి వాహనం హారన్ వినబడనంత పాట ఎంత బాగున్నా ప్రయోజనం లేదు.

అదనంగా బిగించిన పరికరాలను బీమా సంస్థకు తెలిపి ప్రీమియం కడితేనే వాటికి పరిహారం వర్తిస్తుంది, కనుక బిల్లు అడిగి తీసుకోవాలి. కారు తీసుకునే ముందే ఇంజిన్ నడిపి, లైట్లు వేసి, పాట ఆపి వినాలి. యాక్సిలరేటర్ తొక్కుతున్నకొద్దీ ఈల వంటి శబ్దం పెరిగితే, చాలాసార్లు ఎర్త్ వైరును రంగు గీకకుండా బిగించారని అర్థం. అక్కడికక్కడే విప్పించి సరిచేయించుకోవాలి.