మేధకు మాత్రలా?

గడచిన వేసవిలో మా మరది ఉద్యోగపు పోటీపరీక్షకు చదువుకొనుటకై హైదరాబాదునుండి కోటగిరికి వచ్చి యుండెను. రాత్రి రెండు గంటలైనను అతని గదిలో దీపము ఆఱెడిది కాదు. పళ్ళెములో అన్నము మిగిలిపోవుచుండెను. ఒకనాడు పుస్తకములు సర్దుచుండగా వాని నడుమ మాత్రల అట్ట యొకటి కానవచ్చినది. "వదినా, ఇవి తెలివిని పెంచు మాత్రలు. తోడి విద్యార్థి యిచ్చినాడు. వీనిని వేసికొన్నచో చదివినది మఱపు రాదట" అనెను. వైద్యుని చీటి యేదియు లేదు.

ఆ మాట యెంతవఱకు నిజమో మావారును నేనును విచారించి తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాను.

ఆ మందు పేరు మిథైల్‌ఫెనిడేట్. 1944లో స్విట్జర్లాండునందలి సీబా కంపెనీలో పానిజోన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దీనిని మొదట తయారుచేసెను. ఆయన భార్య ముద్దుపేరు రీటా; ఆమె పేరనే యిది రిటాలిన్ అని ప్రసిద్ధి కెక్కినది. మెదడులో డోపమైన్ మొదలగు ద్రవ్యములు నరముల నడుమ ఎక్కువసేపు నిలుచునట్లు ఇది చేయును. ఏకాగ్రత నిలువని వ్యాధి గలవారికి వైద్యులు పరీక్షించి యిత్తురు. వారికిది మేలే చేయును. అట్టివారు తమంత తాము మానరాదు.

మఱి యే వ్యాధియు లేనివారు మ్రింగినచో? ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు పండితులు 2023లో ఒక పరిశోధన ప్రకటించిరి. నలువదిమంది ఆరోగ్యవంతులకు, ఒక్కొక్కసారి ఒక్కొక్కటిగా, ఈ మందును, ఇట్టివే మఱి రెండు మందులను, మందే లేని ఉత్తమాత్రను ఇచ్చి ఒక లెక్క చేయించిరి. కొంత బరువు మాత్రమే పట్టు సంచిలో ఏ యే వస్తువులు పెట్టినచో మొత్తము వెల మిక్కిలి యగును? ఇది సంతకు పోవు ఇల్లాండ్రకు క్రొత్త లెక్క కాదు. మందు వేసికొన్ననాడు వారు ఎక్కువసేపు శ్రమించిరి. వస్తువులను ఎక్కువమార్లు పెట్టి తీసిరి. కాని సంచిలో కూడిన వెల తగ్గెను. ఉత్తమాత్రనాడు చక్కగా చేసినవారే మందునాడు వెనుకబడుట కానవచ్చెను.

2013లో అమెరికాలో ప్రకటితమైన మఱియొక పరిశోధనలో నలువదియార్గురు ఆంఫిటమైన్ మందు వేసికొనిరి. పరీక్షలలో చెప్పదగిన మేలు కానరాలేదు. కాని తాము బాగుగా చేసితిమనియే వారు తలచిరి. కొన్ని పరిశోధనలలో జ్ఞాపకశక్తికి కొంత సాయము కానవచ్చిన మాట నిజమే, అది స్వల్పము. మా చెఱకు సీమలో ఎవ్వరి నడిగినను చెప్పుదురు: గానుగ వడిగా తిరిగినంత మాత్రమున గడలో లేని రసము రాదు.

మఱి వెల యెంత? ఆకలి పోవును, గుండెదడ, రక్తపుపోటు, ఆందోళన హెచ్చవచ్చును, అలవాటు పడు భయమును గలదు. అన్నిటికంటె ముఖ్యము నిద్ర. పగలు చదివినది మనస్సున కుదురుకొనునది నిద్రలోనే. నిద్రను చెఱచి జ్ఞాపకమును కోరుట, విత్తనపు వడ్లు దంచుకొని పంట కెదురుచూచుటయే. చట్టమునుబట్టి చూచినను, 1985నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద నియంత్రితమైన మందు ఇది. చేతులు మార్చుకొనదగినది కాదు.

ఇదంతయు చెప్పగా మా మరది తల వంచుకొని, "వదినా, ఇంటిల్లిపాదియు నా ఉద్యోగము కొఱకే కాచుకొని యున్నారు గదా" అనెను. ఆ మాట నన్ను నాటినది. బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినపుడు మా బంధువుల ఇంట ఒక జీతము పోయినది. నాటినుండి మా యాసలన్నియు పిల్లల పరీక్షలమీదనే నిలిచినవి. "నేడెన్ని గంటలు చదివితివి?" అని పూటపూటకు అడిగినదానను నేనే. మాత్ర తోడివా డిచ్చినను, దాని అవసరము మా యింటనే పుట్టినది.

అతనిని వైద్యునియొద్దకు తీసికొనిపోతిమి. ఆ మాత్రలు మానెను. పరీక్ష ఇంకను రానున్నది, ఫలమెట్లుండునో యెఱుగను. సోదరీమణులారా, మీ యింట చదువుకొను బిడ్డ యున్నచో పుస్తకముల నడుమ వెదకుటకు ముందు పళ్ళెమువంక చూడుడు. నేను ఇప్పుడు ఉదయమున అడుగునది ఒక్కటే: "నాయనా, రాత్రి నిద్ర పట్టినదా?"